తోసేది బయటి గాలే

పాత బండికి బ్రేకు బూస్టరు పెట్టించుకోవాలని షెడ్డుకు వచ్చినవాళ్లు మొదట అడిగేది సైజు గురించి, ఖర్చు గురించి. అంతకంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఆ బూస్టరులో ఉన్న గాలిని ఏది తీసేస్తుంది? తీసేసిన గాలి మళ్లీ లోపలికి రాకుండా ఏది ఆపుతుంది? వీటికి జవాబు తేలకుండా బిగించిన బూస్టరు ఒక నల్ల రేకు డబ్బా, అంతకు మించి ఏమీ కాదు.

చిలకలూరిపేటలో ఈ ప్రశ్నలు పుస్తకాలకు పరిమితమైనవి కావు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా పోతుంది. పత్తి, మిర్చి, పొగాకు బరువులు రాత్రింబవళ్లు కదిలే దారి ఇది. అరవై ఏళ్ల కిందటి బండిని బాగుచేయించి ఈ రోడ్డెక్కితే, ముందు పోయేవన్నీ కొత్త బ్రేకులున్న బండ్లే. అవి ఆగినంత దూరంలో మనమూ ఆగాలి. పేటకూ నరసరావుపేటకూ మధ్య కోటప్పకొండ ఉంది, కొండమీదికి ఘాట్ రోడ్డు ఉంది. శివరాత్రికి ప్రభలు కట్టే ఈ చుట్టుపక్కల ఊళ్లలో బండి ఉన్నవాడెవడైనా ఒక్కసారైనా ఆ కొండ ఎక్కి దిగకుండా ఉండడు.

ఈ అధ్యాయానికి ఒక బండిని ఉదాహరణగా పెట్టుకుందాం. మహీంద్రా కంపెనీ 1960ల్లో మన దేశంలో తయారుచేసిన ఎఫ్‌సీ-150. జీపు చాసిస్ మీద ముక్కు లేకుండా, డ్రైవరు ముందు చక్రాల మీదే కూర్చున్నట్టుండే చిన్న ట్రక్కు. ఇంజిను విల్లీస్ వారి హరికేన్: నాలుగు సిలిండర్లు, 2.2 లీటర్లు, పెట్రోలు. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. తొక్కే బలమంతా డ్రైవరుదే.

ఆ బలం ఎంత కావాలో ముందు చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండిలో దాగి ఉన్న శక్తి, అదే బండిని 14 మీటర్ల ఎత్తు నుంచి కింద పడేస్తే వచ్చే శక్తితో సమానం. అంటే నాలుగంతస్తుల మేడ మీద నుంచి పడినట్టు. బండి బరువు ఎంతయినా ఈ ఎత్తు మారదు. ఆ శక్తినంతా డ్రమ్ముకూ లైనరుకూ మధ్య రాపిడిలో వేడిగా మార్చి వదిలించుకోవాలి. రాపిడి గట్టిగా పుట్టాలంటే లైనరు గట్టిగా ఒత్తుకోవాలి, దాన్ని ఒత్తేది బ్రేక్ ఆయిల్ పీడనం.

లెక్క కట్టి చూస్తే పరిస్థితి తెలుస్తుంది. పెడల్ మీద పాదం 25 కిలోల బలం పెట్టిందనుకుందాం. పెడల్ కమ్మీ దాన్ని నాలుగింతలు చేస్తే మాస్టరు సిలిండరు మీద పడేది 100 కిలోలు. సిలిండరు బోరు అంగుళం అయితే దాని అడ్డుకోత దాదాపు 5 చదరపు సెంటీమీటర్లు. కాబట్టి ఆయిల్‌లో పుట్టే పీడనం చదరపు సెంటీమీటరుకు 20 కిలోలు. డ్రమ్ము బ్రేకుకు ఇది కొంతవరకు సరిపోతుంది, ఎందుకంటే తిరిగే డ్రమ్మే లైనరును తనలోకి లాక్కుని పట్టు పెంచుతుంది. ముందు చక్రాలకు డిస్కులు వేయాలనుకుంటే ఆ సాయం ఉండదు. డిస్కు ప్యాడును తనలోకి లాక్కోదు, ఎంత నొక్కితే అంతే పట్టు. డిస్కులు వేసి బూస్టరు వేయకపోతే పాత బ్రేకులే నయమనిపిస్తాయి.

ఇక్కడే బూస్టరు అవసరం పడుతుంది. బూస్టరులో రెండు గదులు, మధ్యలో రబ్బరు డయాఫ్రం. పెడల్ తొక్కనప్పుడు రెండు గదుల్లోంచీ గాలి తీసేసి ఉంటుంది. తొక్కగానే లోపలి వాల్వు తెరుచుకుని డ్రైవరు వైపు గదిలోకి బయటి గాలి వస్తుంది. ముందు గదిలో మాత్రం గాలి ఉండదు. గాలి ఉన్న వైపు నుంచి లేని వైపుకు డయాఫ్రం కదిలి, మాస్టరు సిలిండరు కమ్మీని తోస్తుంది. కొబ్బరిబొండాంలో స్ట్రా పెట్టి పీల్చినప్పుడు నీళ్లు పైకి రావడానికి కారణమూ ఇదే. మన నోరు స్ట్రాలో గాలిని తగ్గిస్తుంది, బొండాంలో నీటి మీద కూర్చున్న బయటి గాలి నీటిని పైకి తోస్తుంది.

గాలికి ఇంత బలముందని ప్రపంచానికి కళ్లకు కట్టినట్టు చూపించినవాడు జర్మనీలోని మాగ్డెబర్గ్ నగర మేయరు ఒట్టో ఫాన్ గెరికె. గాలి బరువును పాదరసం గొట్టంతో అంతకుముందే 1643లో శాస్త్రవేత్త టోరిచెల్లి తేల్చాడు. 17వ శతాబ్దం నడిమికల్లా గెరికె రెండు రాగి అర్ధగోళాలను అంచులు కలిపి పెట్టి, తను కనిపెట్టిన పంపుతో లోపలి గాలిని తోడేశాడు. చెరోవైపు ఎనిమిదేసి గుర్రాలు లాగినా ఆ గిన్నెలు విడిపోవడం గగనమైంది. వాల్వు తిప్పి గాలిని లోపలికి వదిలితే మాత్రం చేత్తోనే విడిపోయాయి. సముద్రమట్టం దగ్గర గాలి చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో బరువుతో అన్ని వైపుల నుంచీ నొక్కుతూనే ఉంటుంది. రెండు వైపులా సమానంగా ఉంటుంది కాబట్టి మనకు తెలియదు, అంతే.

ఈ బలాన్ని మోటారు బ్రేకుకు పనికొచ్చేలా మలిచినవాళ్లలో బెల్జియం ఇంజినీరు ఆల్బర్ట్ డెవాండ్ర్ ముఖ్యుడు. 1920ల చివర్లో ఆయన పద్ధతిని బాష్ కంపెనీ తీసుకుని సర్వో బ్రేకుగా అమ్మింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి బెండిక్స్ వారి హైడ్రోవాక్ బూస్టరు అమెరికా సైనిక ట్రక్కులకు ఎక్కింది.

మన బండికి వద్దాం. 8 అంగుళాల బూస్టరు డయాఫ్రం వైశాల్యం దాదాపు 324 చదరపు సెంటీమీటర్లు. బాగున్న పెట్రోలు ఇంజిను నిదానంగా తిరుగుతున్నప్పుడు వాక్యూమ్ గేజి 18 నుంచి 20 అంగుళాల పాదరసం చూపిస్తుంది. అంటే ముందు గదిలోంచి దాదాపు మూడింట రెండు వంతుల గాలి పోయినట్టు. రెండు వైపులా తేడా చదరపు సెంటీమీటరుకు 0.65 కిలో. వైశాల్యంతో గుణిస్తే 210 కిలోలు. పాదం తెచ్చిన 100 కిలోలకు ఇది కలిస్తే 310. ఆయిల్ పీడనం 20 నుంచి 60 దాటుతుంది. కాలు పెట్టిన బలం అంతే, పని మూడింతలు.

ఈ మూడింతలు అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అరవై ఏళ్ల నాటి వీల్ సిలిండర్లు, తుప్పు పట్టిన బ్రేకు పైపులు, పగుళ్లిచ్చిన రబ్బరు హోసులు ఇప్పటిదాకా 20కి అలవాటుపడి ఉన్నాయి. వాటి మీద 60 పెడితే అత్యవసరంగా తొక్కిన రోజే ఏదో ఒకటి పగులుతుంది. అందుకే బూస్టరు కంటే ముందు పైపులు, హోసులు, సిలిండరు కిట్లు మార్చాలి. పాత మాస్టరు సిలిండరుకు ఒకటే గది. ఎక్కడ ఆయిల్ కారినా నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. ముందు చక్రాలకు ఒకటి, వెనక చక్రాలకు ఒకటి వేర్వేరు గదులున్న మాస్టరు సిలిండరు వేయించుకోవాలి. డబ్బు ఒక్కదానికే ఉంటే బూస్టరు తర్వాత చూసుకోవచ్చు, ఈ సిలిండరే ముందు వేయించాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు వాక్యూమ్ లైను సంగతి. బూస్టరు నుంచి ఇంజిన్‌కు పోయే ఆ హోసు బూస్టరుకు ఏ బలాన్నీ తెచ్చివ్వదు, అక్కడి గాలిని తీసుకుపోతుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంటే లైను వేయడంలో చేయాల్సినవన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

గాలిని లాగేది ఇంజిన్. పిస్టన్లు కిందికి దిగుతూ గాలి కోసం లాగుతుంటే, కార్బొరేటరులోని త్రాటిల్ బిళ్ల మూసుకుని అడ్డుపడుతుంది. ఆ బిళ్లకూ వాల్వులకూ మధ్యనున్న దారిలో గాలి పలచబడుతుంది. కాబట్టి బూస్టరు లైను త్రాటిల్ బిళ్లకు దిగువన కలపాలి. కార్బొరేటరు ఒంటికి కొన్ని సన్న నిపుల్స్ ఉంటాయి. వాటిలో డిస్ట్రిబ్యూటరుకు పోయేది సాధారణంగా బిళ్ల అంచుకు పైన ఉంటుంది. ఇంజిను నిదానంగా తిరిగేటప్పుడు అక్కడ వాక్యూమే ఉండదు. ఖాళీగా కనిపించింది కదా అని బూస్టరును అక్కడ తగిలిస్తే, బండి ఆగేటప్పుడే బ్రేకుకు సాయం అందదు.

హరికేన్ ఇంజిన్‌తో ఇంకో చిక్కుంది. మామూలు ఇంజిన్లకు ఇన్‌టేక్ మానిఫోల్డు విడిగా బయట కనిపిస్తుంది, దానికి రంధ్రం వేసి నిపుల్ బిగించుకోవచ్చు. హరికేన్‌లో లోపలికి గాలి పీల్చే వాల్వులు హెడ్డులో ఉంటాయి, పొగ వదిలే వాల్వులు బ్లాకులో. పీల్చే దారిని హెడ్డులోనే పోత పోశారు, కార్బొరేటరు నేరుగా హెడ్డు మీదే కూర్చుంటుంది. హెడ్డుకు తోచిన చోట రంధ్రం వేస్తే వెనక నీళ్ల దారి ఉండొచ్చు. కార్బొరేటరు కింద ఒక మందపాటి స్పేసరు ప్లేటు వేసి, దాని పక్క నుంచి నిపుల్ తీయడమే క్షేమం. ఇందులో ఇంకో లాభమూ ఉంది. అక్కడ నాలుగు సిలిండర్లకూ దారి ఒకటే కాబట్టి, పెడల్ తొక్కినప్పుడు వచ్చే అదనపు గాలి నాలుగూ పంచుకుంటాయి. ఒక్క సిలిండరు దారికి తగిలిస్తే ఆ ఒక్కదానికే పెట్రోలు పలచబడి, దాని ప్లగ్గు తెల్లబారుతుంది.

ఆ తరం జీపుల్లో మాస్టరు సిలిండరు ఫ్లోరు కింద ఉంటుంది. బూస్టరూ అక్కడికే చేరుతుంది. అందువల్ల లైను పొడవవుతుంది, పక్కనే సైలెన్సరు పైపు వేడి, కింద నుంచి బురద. పొడవంతా రబ్బరు వేయకూడదు. చాసిస్ వెంట ఇనుప పైపు వేసి క్లిప్పులతో కట్టేసి, ఇంజిన్ వైపు కొస, బూస్టరు వైపు కొస మాత్రం హోసు పెట్టాలి. ఇంజిన్ తన రబ్బరు దిమ్మల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు. ఆ తేడాను భరించేది హోసే.

ఏ హోసు పడితే ఆ హోసు పనికిరాదు. రేడియేటరుకు వేసే నీళ్ల హోసు లోపలి ఒత్తిడికి ఉబ్బకుండా తట్టుకునేలా తయారవుతుంది. వాక్యూమ్ లైన్లో ఒత్తిడి బయటి నుంచి లోపలికి. ఇంజిన్ వేడికి మెత్తబడిన నీళ్ల హోసు చప్పగా నొక్కుకుపోయి దారి మూసేస్తుంది. ఇంజిన్ ఆపి చూస్తే మళ్లీ గుండ్రంగా తేరుకుని ఏ తప్పూ లేనట్టు కనిపిస్తుంది. దారం అల్లికతో గోడ మందంగా ఉండే, పెట్రోలు ఆవిరికి చెడని వాక్యూమ్ హోసే కొనాలి. హోసు ఎక్కడా జోలెలా వేలాడకూడదు. పల్లంలో పెట్రోలు ఆవిరి చల్లబడి నిలిచి, బూస్టరు రబ్బరును తినేస్తుంది. బూస్టరు నుంచి ఇంజిన్ వైపు లైను ఎక్కుతూ పోతే, చేరిన చుక్కలు ఇంజిన్ పక్కకు పోకుండా బూస్టరులోకి దిగుతాయి. అందుకే బూస్టరు కింద ఉన్న ఇలాంటి బండిలో ఇంజిన్ పక్కన లైను కాస్త పైకి లేచి తర్వాత కిందికి దిగేలా వేస్తారు. ఆ లేచిన వంపుకు ఇంజిన్ వైపున చేరిన చెమ్మ తిరిగి ఇంజిన్‌లోకే పోతుంది.

వాక్యూమ్ పోకుండా కాపలా కాసేది నాన్ రిటర్న్ వాల్వు. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క. గాలిని బూస్టరు నుంచి ఇంజిన్ వైపుకే పోనిస్తుంది, తిరిగి రానివ్వదు. దాని మీద బాణం గుర్తుంటే అది ఇంజిన్ వైపు చూడాలి. తిప్పి బిగిస్తే బూస్టరు పనే చేయదు. నోటితో ఊది చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయే విషయం. పెట్రోలు ఇంజిన్ ఒక్కోసారి కార్బొరేటరులోకి వెనక్కి పేలుతుంది. ఆ దెబ్బ డయాఫ్రం దాకా పోకుండా అడ్డుపడేదీ ఈ వాల్వే.

దీని అసలు విలువ కోటప్పకొండ ఎక్కేటప్పుడు తెలుస్తుంది. బరువుతో ఎక్కుతున్నప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంటాం. త్రాటిల్ బిళ్ల బార్లా తెరుచుకుంటుంది, గాలికి అడ్డు లేదు, మానిఫోల్డులో వాక్యూమ్ దాదాపు సున్నా. ఆ క్షణంలో మలుపు తిరగగానే ఎదురుగా బస్సు వస్తే? బూస్టరులో ఇందాక మిగిలి ఉన్న వాక్యూమ్‌ను వాల్వు పట్టి ఉంచింది కాబట్టి బ్రేకు పడుతుంది. దిగేటప్పుడు కథ తిరగబడుతుంది. గేరులో ఉంచి కాలు యాక్సిలరేటరు మీద నుంచి తీస్తే బిళ్ల మూసుకుంటుంది, చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతుంటాయి, వాక్యూమ్ అన్నిటికంటే ఎక్కువగా పుడుతుంది. దిగుడులో బ్రేకుకు ఇంజిన్ రెండు విధాలుగా సాయం చేస్తుందన్నమాట. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్లో దిగేవాళ్లు ఈ రెండు సాయాలనూ వదులుకుంటారు. ఇంజిన్ ఆగాక బూస్టరులో మిగిలేది ఒకటి రెండు తొక్కుళ్లకు సరిపడా వాక్యూమ్ మాత్రమే. మూడో మలుపుకల్లా పెడల్ రాయిలా మారుతుంది. బూస్టరుకు తోడు ఒక చిన్న వాక్యూమ్ ట్యాంకు పెడితే ఇంకో రెండు మూడు తొక్కుళ్లు వస్తాయి, అంతకు మించి రావు.

బిగించడం అయ్యాక పరీక్ష. హైవే పక్క షెడ్లలో ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మెకానిక్ కుర్రాడు బండి కింద పడుకుని ఉంటాడు, యజమాని పెద్దాయన సీట్లో.

“బాబాయ్, ఇంజిన్ ఆపి నాలుగైదు సార్లు తొక్కు.”

“తొక్కా. గట్టిపడిందిరా.”

“కాలు తియ్యమాక. అట్టాగే ఉంచి సెల్ఫ్ కొట్టు.”

ఇంజిన్ అందుకోగానే పెద్దాయన మోకాలు కాస్త ముందుకు జరుగుతుంది.

“దిగింది. రెండు వేళ్లంత దిగింది.”

“ఇప్పుడు ఆపేసి, టీ తాగొచ్చాక ఒక్కసారి తొక్కి చూడు.”

ఈ నాలుగు మాటల్లో పరీక్షంతా ఉంది. మొదట తొక్కింది పాత వాక్యూమ్ అంతా ఖాళీ చేయడానికి. ఇంజిన్ అందుకోగానే పెడల్ దిగిందంటే, లైను గాలిని తీస్తోంది, డయాఫ్రం కదులుతోంది. టీ తాగొచ్చాక మొదటి తొక్కు మెత్తగా ఉంటే వాల్వు కాపలా కాస్తోంది. రాయిలా ఉంటే ఎక్కడో గాలి దూరింది. పెడల్ తొక్కి పట్టినప్పుడు ఇంజిన్ రేసు తడబడితే డయాఫ్రం చిరిగినట్టు. బయట ఎక్కడా కారకుండా బ్రేక్ ఆయిల్ తగ్గుతూ, సైలెన్సరు తెల్లపొగ వదులుతుంటే మాస్టరు సిలిండరు వెనక సీలు పోయి, ఆయిల్‌ను వాక్యూమ్ ఇంజిన్‌లోకి లాగేస్తోందని అర్థం.

వాక్యూమ్ లైనులో గాలి దూరే లీకు పట్టడానికి సబ్బు నురగ పనికిరాదు. ట్యూబు పంక్చరులో గాలి బయటికి వస్తుంది కాబట్టి బుడగలు కనిపిస్తాయి. ఇక్కడ గాలి లోపలికి పోతుంది, నురగనూ లోపలికి లాక్కుంటుంది. అగరుబత్తి పొగ ఎటు వంగుతుందో చూసేవాళ్లున్నారు. ఆలోచన మంచిదే, కానీ కార్బొరేటరు పక్కన నిప్పు పెట్టడం ఎంతమాత్రం ఒప్పుకోకూడదు. మూర రబ్బరు ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను లైను వెంట జరుపుతూ పోతే బుస్సుమనే చోటు దొరుకుతుంది. లీకున్న ఇంజిన్ రేసు ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని సరిచేయడానికి కార్బొరేటరు స్క్రూ తిప్పడం మొదలుపెడితే బ్రేకు జబ్బును దాచేసినట్టే.

ఈ దాగుడు స్వభావమే నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది. ఒకప్పుడు గుంటూరు నుంచి మాచర్లకు నడిచిన మీటరుగేజి రోజుల్లో మన రైళ్లకూ వాక్యూమ్ బ్రేకులే ఉండేవి. కానీ అక్కడ ఏర్పాటు తలకిందులు: రైలు పొడవునా గొట్టంలో వాక్యూమ్ ఉన్నంతసేపే బ్రేకులు వదులుగా ఉంటాయి. గొలుసు లాగినా, పెట్టె తెగినా, హోసు చిరిగినా గాలి లోపలికి పోయి బ్రేకు దానంతటదే పడుతుంది. రైల్లో తప్పు జరిగితే రైలు ఆగుతుంది. మన ట్రక్కులో తప్పు జరిగితే బ్రేకుకు సాయం పోతుంది, బండి మాత్రం మామూలుగా పోతూనే ఉంటుంది, తొక్కేదాకా తెలియదు.

ఇంజిన్ మార్చిన బండ్లలో ఇది మరీ తరచుగా కనిపిస్తుంది. పెట్రోలు ఖర్చు భరించలేక పాత జీపులకు డీజిల్ ఇంజిన్లు ఎక్కించినవాళ్లు ఎందరో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా శాఖ అనుమతి లేకుండా అలా మార్చకూడదు. అనుమతి వచ్చినా బ్రేకు సమస్య మిగిలే ఉంటుంది. డీజిల్ ఇంజిన్‌కు సాధారణంగా త్రాటిల్ బిళ్ల ఉండదు. గాలి ఎంత కావాలంటే అంత లోపలికి పోతుంది, వేగాన్ని నిర్ణయించేది డీజిల్ మోతాదు. గాలికి అడ్డు లేనప్పుడు వాక్యూమ్ ఎక్కడ పుడుతుంది? కొన్ని పాత డీజిల్ ఇంజిన్ల మానిఫోల్డుకు బిళ్ల, దాని దగ్గర ఒక సన్నని హోసు కనిపిస్తాయి. అది డీజిల్ పంపు గవర్నరుకు పోయే లైను. దాన్ని ముట్టుకోకూడదు. అక్కడ గాలి దూరితే గవర్నరు పూర్తి డీజిల్ వదిలేస్తుంది, ఇంజిన్ అదుపు తప్పి రేసైపోతుంది. బ్రేకు కోసం ఆ హోసుకు టీ ముక్క వేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

డీజిల్‌కు విడిగా వాక్యూమ్ పంపు కావాలి. మన దగ్గర ఎన్నో డీజిల్ బండ్లలో అది డైనమో తోకకు బిగించి ఉంటుంది. డైనమో ఇరుసే పంపు లోపలి రెక్కలను తిప్పుతుంది. ఆ రెక్కలకు ఇంజిన్ ఆయిల్ అందాలి, వాడిన ఆయిల్ తిరిగి ఇంజిన్ ఆయిల్ చాంబరులోకి జారిపోవాలి. పాత డైనమో తీసి పంపున్నది వేసి, ఆయిల్ లైను కలపడం మరిచిపోతే కొద్ది కాలానికే రెక్కలు అరిగి పంపు చచ్చిపోతుంది. ఇంకో సంగతి డ్రైవర్లందరికీ తెలియాలి. పంపును తిప్పేదీ, బ్యాటరీని చార్జి చేసేదీ ఒకే బెల్టు. అలాంటి బండిలో డ్యాష్‌బోర్డు మీద చార్జింగు లైటు వెలిగితే బ్యాటరీ సంగతి తర్వాత, బ్రేకుకు సాయం ఆగిపోయి ఉండొచ్చు. వేగం తగ్గించి పక్కకు తీయాలి.

పంపు ఎంత మంచిదైనా ఒక హద్దు ఉంది. గాలిని పూర్తిగా తోడేసినా బయటి గాలి తోయగలిగేది చదరపు సెంటీమీటరుకు కిలో మాత్రమే. ఇంకా బలం కావాలంటే డయాఫ్రం పెద్దది చేయాలి, లేదా ఒకదాని వెనక ఒకటి రెండు పెట్టాలి. పది టైర్ల లారీకి అంత పెద్ద డబ్బా ఎక్కడ పెడతాం? అందుకే పెద్ద లారీలు కంప్రెసరు దారి పట్టాయి. వాటి ట్యాంకుల్లో గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 8 కిలోల దాకా ఉంటుంది.

కరెంటుతో నడిచే చిన్న వాక్యూమ్ పంపులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ఎలక్ట్రిక్ కార్లలో పీల్చే ఇంజినే ఉండదు కాబట్టి వాటిలో కొన్నిటికి ఇవే ఆధారం. ఇంజిన్ మార్చిన జీపుకు, ఈడు మీరి సరిగా వాక్యూమ్ పుట్టించలేని హరికేన్‌కు కూడా ఇది పనికొస్తుంది. వాక్యూమ్ తగ్గగానే దాన్ని నడిపే స్విచ్చు, రిలే, దానికే విడిగా ఒక ఫ్యూజు ఉండాలి. ట్యాంకులో వాక్యూమ్ ఒక మట్టం కంటే పడిపోతే వెలిగే ఎర్ర బల్బు ఒకటి డ్రైవరు కళ్లెదురుగా పెట్టించాలి. ఆ బల్బును పంపు ఫ్యూజు నుంచి కాకుండా వేరే లైను నుంచి తీసుకోవాలి. లేకపోతే ఫ్యూజు పోయిన రోజు పంపుతో పాటు బల్బూ ఆరిపోతుంది.